గాలి పడని ఫొటో

మంచాన్ని నిలబెట్టి గోడకు ఆనిస్తే తప్ప నిమియా గదిలో నేల కనబడదు. ఆ ఆదివారం ఆమె మంచం నిలబెట్టింది, నేలను తడిగుడ్డతో తుడిచింది, ఆరేదాకా గుమ్మంలో నిలబడింది. ఆ తరువాత చెప్పుల పెట్టెలోంచి ఫొటోలు తీసి, పేకముక్కలు పరిచినట్టు వరసగా పరచడం మొదలుపెట్టింది.

అన్నీ అరచేతిలో ఇమిడేంత చిన్నవి. బజారులో ఆమె పనిచేసే స్టూడియోలో, కాగితపు చుట్ట చివర మిగిలిన ముక్కల మీద ప్రింటు తీసుకున్నవి. స్టూడియోలో ఆమె పని గుర్తింపు కార్డులకు ఫొటోలు తీయడం. గడ్డం పైకెత్తండి, నవ్వకండి, రెప్ప వేయకండి. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఇదే పాట. ఈ పెట్టెలోవి అలాంటివి కావు. వీటిని ఎవరూ తీయమనలేదు. నది పొంగి అసున్సియోన్ నగరంలో పల్లపు పేటలు మునిగినప్పుడల్లా, తన సామాను మెరకకు చేర్చేసి, మళ్ళీ దిగివెళ్ళి తన కోసం తీసుకున్నవి. పడవకెక్కించిన బీరువా, రోడ్డు పక్క ప్లైవుడ్ గుడిసెల వరస, నీరు తీశాక గోడల మీద మిగిలిన బురద గీత, ఆ గీతకు వేలాడదీసిన దేవుడి పటం.

ఇప్పుడు మెరక మీది పెద్ద హాలులో, ఫొటోల ప్రదర్శనకు ఆమెకొక గోడ ఇస్తామన్నారు. గోడకు ఇరవై ఫొటోలు. అంతకు మించి పట్టవు.

ఆమె ముందు ఒకదాన్నొకటి పోలినవాటిని తీసేసింది. మిగిలినవాటిని తలకిందులు చేసి చూసింది. తలకిందులు చేస్తే మొహాలు మాయమై వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి. అప్పుడు కూడా కంటిని పట్టి నిలిపేదే బొమ్మ. నచ్చనివాటిని బోర్లించింది. కొన్నిటిని బోర్లించి, మనసొప్పక మళ్ళీ వెల్లకిల వేసింది. సాయం కింద వచ్చిన నూనె డబ్బాల అట్టపెట్టెను కోసి, వడ్రంగి మూలమట్టాల్లాంటి రెండు ముక్కలు చేసుకుంది. వాటిని ఫొటో మీద ఎదురెదురుగా పెట్టి జరుపుకుంటూపోతే బొమ్మ చిన్నదవుతుంది, పెద్దదవుతుంది. ఎక్కడ కోస్తే బాగుంటుందో తెలుస్తుంది.

ఒక ఫొటో దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మూడేళ్ళ కిందటి వరదలో, సర్కారు ఇంటికప్పు రేకులు పంచిన రోజుది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రేకును చెరో అంచు పట్టుకుని ఉన్నారు. ఒకామె ముసలిది, వెనక్కి తూలుతోంది. రెండో ఆమె పళ్ళు బిగించి, మెడ నరాలు ఉబ్బి, రేకును తనవైపు గుంజుతోంది. తిప్పినా, బోర్లించినా, దూరంగా పెట్టినా ఆ ఫొటో పిలుస్తూనే ఉంది. నిమియా ఎడమవైపు అట్టముక్కను లోపలికి జరిపింది. ఆ చివర ఉబ్బిన టార్పాలిన్, దాని వెనక ఒంగిపోయిన తాటిచెట్టు అట్ట కిందికి పోయాయి. ఇద్దరు ఆడవాళ్ళూ రేకూ మాత్రమే మిగిలారు. ఇప్పుడు బొమ్మ కొరడా దెబ్బలా ఉంది.

"నా గంగాళం ఎక్కడ పెట్టావే?"

లిబ్రాదా తలుపు తట్టదు. తట్టాల్సిన అవసరమూ లేదు. ఆమె నిమియా పోయిన మొగుడికి అక్క. పెరడు ఆమెది, గది ఆమెది, గదిలోకి వచ్చే కరెంటు తీగ ఆమె ఇంట్లోంచే వస్తుంది. వీధికంతటికీ వండే ఉమ్మడి కుండ కూడా ఆమె పొయ్యి మీదే ఉడుకుతుంది. మోచేతుల దాకా సబ్బు నురుగుతో లోపలికొచ్చి, నేల మీద పరిచినవాటిని తొక్కకుండా ఒక కాలు గాల్లోనే ఆపుకుంది.

"ఇదేంటి?"

"ఏది వదినా?"

"అదే. ఆ అట్టముక్కల మధ్యలోది. అది నేనే కదూ?"

"తడిచెయ్యి పెట్టకు వదినా, చెడిపోతుంది."

లిబ్రాదా చెయ్యి పెట్టలేదు. గొంతుక్కూర్చుని చూసింది.

"నేను దెయోలిందా అవ్వ చేతిలోంచి రేకు లాక్కుంటున్నాను."

"ఆ రోజు ఏం జరిగిందో అందరికీ తెలుసు కదా."

"ఎవరందరికి? నీ హాలుకొచ్చే ఇస్త్రీ చొక్కాలకి తెలుసా? నా కుండకి ఎముకలిచ్చే కసాయి షాపు వాళ్ళకి తెలుసా? సేమియా పొట్లాలిచ్చే చర్చి అమ్మగార్లకి తెలుసా? వాళ్ళంతా నీ గోడ ముందు నిలబడి ఏమనుకుంటారే? ముసలిదాని నోటి కాడిది లాక్కునేదానికా మనం పొట్లాలిస్తున్నాం అనుకోరూ?" ఆమె వేలితో ఫొటో మీద, తగలకుండా, ఒక గీత గీసింది. "ఇందులో గాలి ఏది?"

"గాలి ఫొటోలో పడదు వదినా."

"మరి నేను పడ్డానుగా!"

నిమియా మోకాలి ముందు ఆ అట్టముక్క, అట్టముక్క కింద ఆ టార్పాలిన్ ఉన్నాయి.

లిబ్రాదా కుడిచెయ్యి నురుగు తుడుచుకుని, అరచెయ్యి తెరిచి ఆమె మొహం మీదికి తెచ్చింది. బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి దాకా, అరచేతి గీతలన్నిటినీ కొట్టేసినట్టు, తెల్లటి మచ్చ. "ఇదిగో. గాలి ఇక్కడ పడింది. గాలికిపోయే కంపను ఒంటికి తగిలించుకున్నట్టు, గాలికిపోయే రేకును పట్టుకున్నాను. వదిలేస్తే అవ్వ మెడ తెగిపడేది. ఆ ఫొటో చింపెయ్."

"చింపను. ఇది నాది. నేను తీసిన వాటన్నిట్లోకీ మంచిది ఇదే."

"ఫొటో నీదా? మొహం ఎవరిదే?"

"మొహాలడిగితే పేటలో ఒక్క ఫొటో కూడా మిగలదు వదినా. వాళ్ళు రేషన్ వరసలో నిలబడ్డారని వాళ్ళు వద్దంటారు, నువ్వు పళ్ళు బిగించావని నువ్వు వద్దంటావు. నేనింక గోడకి ఏం తగిలించను, మేకులా?"

"తగిలించుకో. నిన్ను నువ్వే తగిలించుకో."

ఆమె గంగాళం తీసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి ఫ్యాను ఊగి ఊగి ఆగిపోయింది. గోడ అవతల తీగ పీకిన చప్పుడు నిమియాకు స్పష్టంగా వినబడింది. ఆ ఉక్కలో ఫొటోల అంచులు ఒక్కొక్కటే ఎండుటాకుల్లా పైకి లేచాయి.

*

మరునాటి నుంచి ఎదుటపడి ఎవరూ ఏమీ అనలేదు. అన్నదంతా పక్కకి తిరిగి అన్నారు.

నిమియా గుమ్మానికి అడ్డంగా తడి దుప్పట్లు ఆరేశారు. ఆమె వంగి వాటి కింద నుంచి పనికి పోయింది, వంగి వాటి కింద నుంచి తిరిగొచ్చింది. పక్కింటి సెవెరియానా ఆమెను చూడగానే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, "బాబోయ్, కెమెరా వస్తోంది! పళ్ళు మూసుకోండే, దొంగల్లా పడతాం!" అని అరిచింది. చెరుకురసం బండి దగ్గర నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఒకావిడ పాత గొడవ తవ్వింది: "నా కూతురి పదిహేనో పుట్టినరోజుకి ఫొటోలు తియ్యమంటే ఖాళీ లేదంది. మా ఇల్లు మునిగితే మాత్రం ఆవిడకి బోలెడంత ఖాళీ!"

సాయంత్రాలు మామిడిచెట్టు కింద తెరెరే, అంటే చల్లటి ఆకురసం, తాగడం సాగుతుంది. లిబ్రాదా చిన్న కొయ్యరోట్లో మొక్కల వేళ్ళూ ఆకులూ వేసి దంచుతుంది. ఆ వారమంతా అవసరమైనదానికంటే గట్టిగానే దంచింది. దంచినదాన్ని మంచునీళ్ళ కూజాలో వేసి, ఎద్దుకొమ్ము లోటాలో ఆకుపొడి నింపి, నీళ్ళు పోసి, పీల్చే ఇనప గొట్టంతో సహా ఒక్కొక్కరికే అందిస్తుంది. తాగినవాళ్ళు ఖాళీ కొమ్ము తిరిగిచ్చేస్తారు. మళ్ళీ నింపి పక్కవాళ్ళకి. కొమ్ము ఇస్తూ ఎవరైనా "గ్రాసియాస్" అని కృతజ్ఞత చెప్పారా, ఆ పూటకు వాళ్ళ వంతు తీరిపోయినట్టే. కొమ్ము దగ్గర మాత్రం నాకిక చాలు అని దానర్థం. కాబట్టి ఇంకా కావలసినవాళ్ళు ఎంత చల్లగా దిగినా ఆ మాట అనరు. నోరు మూసుకుని తాగుతారు, నోరు మూసుకుని ఇస్తారు.

సోమవారం నిమియా ఎప్పటిలా తన పీట వేసుకుని కూర్చుంది. కొమ్ము దెయోలిందా అవ్వకు వెళ్ళింది, సెవెరియానాకు వెళ్ళింది, నిమియా మోకాళ్ళ ముందు నుంచి దాటి తిరిగి లిబ్రాదా చేతికి వచ్చింది. రెండో చుట్టూ అంతే. నిమియా అనని గ్రాసియాస్‌ను లిబ్రాదా ఆమె తరఫున అనేసింది.

"ఆ పిల్లకి ఇవ్వవేమే?" అంది అవ్వ. అవ్వకు చెవులు సగమే పనిచేస్తాయి, కళ్ళు అంతకన్నా తక్కువ.

"ఆవిడ మనల్ని చూస్తుంది అవ్వా. తాగదు," అంది లిబ్రాదా.

నిమియా పీట తీయలేదు. చివరి దాకా కూర్చుని, అందరితో పాటే లేచింది. శుక్రవారం దాకా అలాగే కూర్చుంది. నాలుక పిడచగట్టుకుపోయినా మొండితనం మాత్రం తడారలేదు. లిబ్రాదాను తిట్టుకుంటూ, ఆ ఫొటోను ఇరవైలోనూ మొదటి స్థానంలో పెట్టింది.

*

శనివారం హాలు తరఫున ఫొటోలు ఎంపికచేసే పెద్దమనిషి వచ్చాడు. పేరు బెరెంగేర్. స్పెయిన్ నుంచి వచ్చి కొద్ది నెలలే అయింది. నలగని నార చొక్కా, మెడలో కళ్ళజోడు తాడు. గదిలో చీకటిగా ఉందని నిమియా ఫొటోలను పెరట్లోనే బట్టల తీగకు పిన్నులు పెట్టి వేలాడదీసింది. అది చూడ్డానికి పిలవకుండానే అందరూ వచ్చి చెట్టు కింద చేరారు.

ఎంత కోపమున్నా ఇంటికొచ్చినవాడికి కొమ్ము ఇవ్వకపోతే లిబ్రాదాకు అన్నం దిగదు. మొదట అతనికే ఇచ్చింది. అతను రెండు చేతులా అందుకుని, ఒక్క బిగిన తాగి, కళ్ళు మూసుకుని, తల వంచి అన్నాడు: "గ్రాసియాస్."

లిబ్రాదా కొమ్ము తీసుకుంది. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. "సరే," అంది.

ఎండ నెత్తికెక్కింది. కొమ్ము చుట్లు తిరుగుతూనే ఉంది. అతని ముక్కు ముందు నుంచి వెళుతున్నప్పుడల్లా అతని చెయ్యి కాస్త లేచి, మళ్ళీ మోకాలి మీదికి దిగింది. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పాపం, దొరగారి దాహం ఒక్క గుక్కకే తీరిపోయింది," అంది సెవెరియానా వాళ్ళ గ్వారానీ భాషలో.

"మొహమాటమేమోనే," అంది అవ్వ.

"మొహమాటం ఏముంది? నోటితో చక్కగా చాలన్నాడు. నేనేం బలవంతంగా పోస్తానా?"

నిమియా అతనికి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. తనకూ కొమ్ము రావడం లేదు, పక్కన ఇంకొకడు కూడా ఎండుతున్నాడన్న తృప్తి ఏదో ఆమెకు కలిగింది.

బెరెంగేర్ లేచి తీగ వెంట నడిచాడు. మంచి కన్నే అతనిది. వెనక్కి అడుగువేస్తాడు, ముందుకు వస్తాడు, రెండు ఫొటోల స్థానం మారుస్తాడు, మార్చగానే రెండూ బాగుపడతాయి. నిమియాకు లోపల్లోపల గర్వంగా ఉంది. ఇన్నేళ్ళలో తన ఫొటోలను ఇంత ఓపికగా చూసినవాడు లేడు. తరువాత అతను కొన్నిటిని తీగ మీంచి తీసేయడం మొదలుపెట్టాడు. గులాబి గౌను పిల్లను బురద అంటకుండా నలుగురు మామలు కుర్చీ మీద మోసుకుపోతున్న ఫొటో తీసేశాడు. మునిగిన మైదానంలో మోకాలి లోతు నీళ్ళలో బంతాట తీసేశాడు. పడవలో బీరువా మీద కూర్చుని అవ్వ జామకాయ కొరుకుతున్నది తీసేశాడు.

"బాగున్నాయి. కానీ ఇవి తియ్యగా ఉన్నాయి. గోడను మెత్తబరుస్తాయి," అన్నాడు.

"నా జామకాయ తీసేశాడటగా? ఎందుకే?" అంది అవ్వ.

"తియ్యగా ఉందట అవ్వా."

"పచ్చిదే, అది!"

ఇప్పుడు తీగ మీద మిగిలినవాటిలో ఒక్కరూ నవ్వడం లేదు. అతను రేకు ఫొటో దగ్గరికొచ్చి ఆగాడు. నిమియా దగ్గర అట్టముక్కలు అడిగి తీసుకుని, ఆమె జరిపినదానికంటే ఇంకో వేలెడు లోపలికి జరిపాడు. అవ్వ భుజం తెగిపోయింది. లిబ్రాదా పళ్ళూ, పిడికిలీ, ముసలి చేతులూ మిగిలాయి.

"ఇదీ," అన్నాడు మెల్లగా. "ఇది పెద్దది చేసి గుమ్మానికి ఎదురుగా పెడదాం. ఆకలి అంటే ఇదీ అని వంద మాటల్లో చెప్పలేం."

చెట్టు కింద కొమ్ము ఆగిపోయింది.

"ఆకలి కాదయ్యా, గాలి," అంది లిబ్రాదా.

"ఏమన్నారు?"

"ఆ రోజు మేం కడుపునిండా తినే వెళ్ళాం. పంది ఎముకల పులుసు, కర్రపెండలం. నేనే వండాను. అది ఆకలి కాదు. గాలి."

అతను మర్యాదగా నవ్వాడు. "చూసేవాళ్ళకు ఏది కనబడితే ఫొటోలో అదే ఉన్నట్టు, అమ్మా. మీ మొహంలో గొప్ప బలం ఉంది."

"అంత బలముంటే నువ్వే పట్టుకుపో. నీ మొహం కోసి నాకివ్వు, నా కుండ పైన తగిలించుకుంటాను."

అతనికి సగమే అర్థమైంది. మంగళవారం వచ్చి పెద్ద ప్రింటు తీసుకుంటానని నిమియాతో చెప్పి, ఎండిన పెదాలు తడుపుకుంటూ కారెక్కాడు.

*

సోమవారం స్టూడియోలో గిరాకీ తక్కువ. నిమియా రేకు ఫొటోను కంప్యూటరు తెర మీద తెరిచి, అతను చెప్పిన చోట గీత పెట్టింది. కోయడానికి మీట నొక్కబోతుండగా ముసలాయన ఒకడు వచ్చాడు, కార్డు ఫొటో కావాలన్నాడు. కుర్చీలో కూర్చుని మొహాన్ని పక్కకు తిప్పాడు.

"నేరుగా చూడండి పెద్దయ్యా."

"ఇటు చెవి లేదమ్మా. చెరుకు మిల్లులో పోయింది. ఇలా తీసెయ్."

"రెండువైపులా కనబడాలి పెద్దయ్యా. లేకపోతే వెనక్కి పంపేస్తారు, ఇది మీరు కాదంటారు."

ఆ మాట ఆమె రోజూ అనేదే. కుర్చీ ఎత్తు సరిచేస్తూ అంది, దీపం జరుపుతూ అంది. ఫొటో తీసి, కత్తిరించి, చిన్న కవరులో పెట్టి ఇచ్చింది. ఆయన పోయాక తిరిగొచ్చి తెర ముందు కూర్చుంటే ఆ మాట ఇంకా గదిలోనే ఉంది.

గీతను ఎడమవైపుకు లాగింది. అవ్వ భుజం వచ్చింది. ఇంకా లాగింది. టార్పాలిన్ వచ్చింది, తొమ్మిదో నెల కడుపులా ఉబ్బి. తాటిచెట్టు వచ్చింది, మట్టలన్నీ ఒకేవైపు దువ్వినట్టు. బొమ్మ బలం తగ్గిన మాట నిజమే. కన్ను ఒకచోట నిలవడం లేదు. మనుషుల మీదికి పోతుంది, చెట్టు మీదికి పోతుంది, మళ్ళీ మనుషుల మీదికి వస్తుంది. అలా వచ్చినప్పుడు లిబ్రాదా పళ్ళు వేరేలా కనబడుతున్నాయి.

దాని తరువాత తీసిన ఫొటోను ఆమె ఏనాడో చెడిపోయినవాటిలో వేసింది. ఇప్పుడు వెతికి తెరిచింది. అంతా ఒరిగిపోయి, అలుక్కుపోయి ఉంది. గాలికి లేవకుండా ఆ ఇద్దరూ రేకు మీద పక్కపక్కన కూలబడ్డారు. అవ్వ తన తలగుడ్డ విప్పి లిబ్రాదా అరచేతికి చుడుతోంది. ఇద్దరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి. ఏడుపో నవ్వో తెలియదు. మొహాలకు అంచులు లేవు, గుడ్డకు అంచులు లేవు. ఆ క్షణంలో వెనక నుంచి గాలి తోపు ఒకటి వచ్చి తాను మోకాళ్ళ మీద పడడం నిమియాకు గుర్తొచ్చింది. చేతుల్లో కెమెరా కదిలింది.

గాలి ఫొటోలో పడదని తానే అంది. ఇందులో గాలి తప్ప ఇంకేమీ పడలేదు.

*

మంగళవారం పొద్దు వాలుతుండగా బెరెంగేర్ వచ్చాడు. చెట్టు కింద అందరూ ఉన్నారు. నిమియా పీట కూడా ఉంది, ఎప్పటి చోటే. ఆమె లేచి రెండు పెద్ద ప్రింట్లు తీగకు పిన్నులు పెట్టి పక్కపక్కన వేలాడదీసింది.

అతను మొదటిదాన్ని చూసి, "కోయలేదే?" అన్నాడు. రెండోదాన్ని చూసి కళ్ళజోడు తీశాడు. "ఇది కదిలిపోయింది."

"అవును. గాలికి."

"పొరపాటున తెచ్చారేమో."

"లేదండి. రెండూ కలిపి పెట్టాలి. ఒకదాని పక్కన ఒకటి."

అతను కోప్పడలేదు. పిల్లలకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. రెండోది పెడితే మొదటిదాని దెబ్బ తగలదని, అసలు ఈ గోడంతా ఆ ఒక్క ఫొటో మీద నిలబడుతుందని, ఇలాంటి గోడ కోసం అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారని. "మీలాంటివారికి ఇది మళ్ళీ వచ్చే అవకాశం కాదు. కోసినది ఇస్తే గోడ మీది. లేదంటే నేను వేరేవాళ్ళకు చెప్పుకోవాలి. మీ మంచికే అంటున్నాను."

నిమియా తీగ వంక చూసింది. తెల్లగా సున్నం కొట్టిన గోడను ఆమె ఈ పది రోజుల్లో ఎన్నిసార్లు మనసులో చూసుకుందో. ఎత్తు దీపాలు, దీపాల కింద తన పేరు. తీగ వైపు నుంచి తిరిగి, అతని కళ్ళలోకి చూసి, స్పష్టంగా అంది.

"గ్రాసియాస్."

బెరెంగేర్ మొహం విప్పారింది. ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. "నాకు తెలుసు, మీరు అర్థం చేసుకుంటారని. అయితే కోసినదాన్ని రేపు హాలుకు పంపించండి." చెట్టు కింది వాళ్ళందరికీ తల వంచి, "గ్రాసియాస్, గ్రాసియాస్," అంటూ కారు దాకా వెళ్ళాడు.

కారు సందు మలుపు తిరిగేదాకా అందరూ అటే చూశారు. తరువాత సెవెరియానా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకున్నా ఆగక పకపకా నవ్వింది.

"ఏమందే అది?" అంది అవ్వ. "సరేనందా?"

"లేదవ్వా," అంది సెవెరియానా కళ్ళు తుడుచుకుంటూ. "చాలంది."

లిబ్రాదా నవ్వలేదు. తీగ దగ్గరికి వెళ్ళి, ముందు టార్పాలిన్ ఉన్నదాన్ని, తరువాత అలుక్కుపోయినదాన్ని చూసింది. రెండోదాని ముందు మచ్చ ఉన్న చెయ్యిని ఒకసారి తెరిచి, మూసింది. తిరిగొచ్చి తన పీట మీద కూర్చుంది.

"బంగారంలాంటి గోడ పోగొట్టుకున్నావు," అంది నిమియా వైపు చూడకుండానే. "మీ వంశంలో లేదే ఈ పిచ్చి. మా తమ్ముడు అంటించి పోయాడు."

"నేనెందుకే అందులో అంత లావున్నాను?" అంది అవ్వ, రెండోదాని వైపు కళ్ళు చిట్లించి.

"గాలికి ఉబ్బావు అవ్వా."

లిబ్రాదా కొమ్ము నింపింది. అవ్వకిచ్చింది. నింపి సెవెరియానాకిచ్చింది. మళ్ళీ నింపి, ఈసారి చెయ్యి నిమియా మోకాళ్ళు దాటకుండా అక్కడే ఆపింది. మొహం మాత్రం అటు తిప్పుకునే ఉంది.

నిమియా అందుకుంది. నీళ్ళు మంచులా చల్లగా, వేళ్ళ చేదుతో, గొంతులోంచి గుండె దాకా దారి చేసుకుంటూ దిగాయి. గొట్టం గురగురమనేదాకా తాగింది. మాట ఒకటి నాలుక కొస దాకా వచ్చింది.

ఆ మాటను మింగేసి, నోరు మూసుకుని, కొమ్ము తిరిగిచ్చింది.